పదకొండున్నరకు చెప్పిన మాట

ఆ పొద్దున ఆకాశానికి రంగు లేదు. పవర్‌హౌజ్ గొట్టాల నుంచి లేచిన పొగ పైకి పోలేక మా క్వార్టర్ల మీదికి అడ్డంగా వాలి ఉంది. సూర్యుడు దాని వెనక ఎక్కడో ఉన్నాడు. ఎండ కనబడటం లేదు కానీ ఉడకపోత ఆరున్నరకే మొదలైంది. రోహిణి కార్తె. మొదటి షిఫ్టుకు నేనూ మా రుత్విక్ ఒకే బండి మీద బయల్దేరాం.

రుత్విక్ మా అన్న కొడుకు. అన్న బొగ్గు బాయిలోనే పోయాడు, ఆ ఉద్యోగం వాడికొచ్చింది. వాడు పెరిగింది నా ఇంట్లో, పెళ్లయింది నా ఇంట్లో. వాడి రెండేళ్ల బిడ్డ నిద్రపోయేది నా రొమ్ము మీద. నేను బొగ్గు బాయిలో సర్దార్‌ని. లోపల నా కింద ఎనిమిది మంది పనిచేస్తారు. కర్రతో పైకప్పును తట్టి, చప్పుడును బట్టి గట్టిగా ఉందో డొల్లగా ఉందో చెప్పడం నా పని. బాగుందని నేనంటే ఆ ఎనిమిది మంది దాని కిందికి పోతారు. 'నీకెట్ల తెలుసు' అని ఇరవై ఏళ్లలో ఒక్కరూ అడగలేదు. షిఫ్టు అయ్యాక పుస్తకంలో రాస్తాను. నా చేత్తో తట్టి చూడనిది ఒక్క ముక్క రాయను.

గేటు బయట చాయ్ హోటలు దగ్గర ఒక కొత్త మనిషి మోపెడ్ మీద దుప్పట్ల మూట కట్టుకొని నిలబడ్డాడు. గళ్ల చొక్కా, నెత్తిన తెల్ల టోపీ, నలభై ఏళ్లుంటాయి.

"షోలాపూర్ దుప్పట్లు సాబ్. చేతుల పట్టుకొని చూడుండ్రి."

"గీ ఎండల దుప్పటి ఎవడు గొంటడు భాయ్, నీకేమన్న పిచ్చా?" అన్నాడు రుత్విక్.

"చలిల అందరు కొంటరు తమ్మీ. ఎండల కొన్నోడే హుషారోడు."

రుత్విక్ నవ్వాడు. "మూడింటికి పైకొస్త. గప్పటిదాక ఉంటవా? మా ఇంటామెకు పసుపు రంగు గావాలె."

"ఉంట తమ్మీ. నీకోసం తీసి పక్కన వెడ్త."

ఫోన్లు, బీడీలు, అగ్గిపెట్టెలు బాయిలోకి తీసుకుపోకూడదు. ల్యాంపు రూము పక్కన పెట్టెల్లో అవన్నీ పెట్టి, నెత్తికి దీపం పెట్టుకొని దిగాలి. పైకొచ్చాక దీపం అప్పజెప్పితేనే ఫోన్ చేతికొస్తుంది. ఏడింటికి దిగాం.

పైకప్పు కింద నిలబెట్టే దుంగలు ఆ రోజు ఆలస్యమయ్యాయి. లోపలి నుంచి పైకి మాట్లాడటానికి వైరు ఫోన్ ఒకటి ఉంటుంది. పదకొండు దాటాక కొట్టాను. పైన ఎత్తింది ఎల్లన్న, నన్ను గట్టన్నా అని పిలిచే పాత దోస్తు.

"దుంగలేవి ఎల్లన్నా? ఇక్కడ కూసోని ఈగలు గొట్టుకుంటున్నం."

"బాయిల ఈగలు యాడివే? వస్తున్నయ్ తియ్యి. ఇగో గట్టన్నా, కేబుల్ టీవీల ఏస్తున్నరు. పోరగాండ్లను ఎత్కపోయెటోళ్లు దిగిండ్రట. జైపూర్ మండలం దిక్కో యాడనో. ఫోన్లల్ల గూడ ఏదో వీడియో తిరుగుతున్నదట, నేనైతే చూడలే. నిజమో అబద్ధమో."

దుంగలు వచ్చాయి. పదకొండున్నరకు మావాళ్లు తిండి డబ్బాలు విప్పారు. ఒకడు బొగ్గుకు ఒరిగి కునుకు తీస్తున్నాడు. దుంగలు నిలబెట్టే పని షిఫ్టులోపల ఒడవకపోతే మీదివాళ్లు నన్నంటారు.

"జల్ది కానియ్యుండ్రి," అన్నాను. "పైన పోరగాండ్లను ఎత్కపోయెటోళ్లు దిగిండ్రు. మన కాలనీల ఇద్దరు పోరలు పోయిండ్రు."

నమలడం ఆగిపోయింది. ఎనిమిది దీపాలు నా మొహం మీదికి తిరిగాయి. అక్కడితో ఆగాల్సింది.

"దుప్పట్లమ్మెటోళ్ల ఏషంల తిరుగుతున్నరట. పొద్దుగాల గేటు కాడ చూడలే?"

రుత్విక్ లేచాడు. "చిన్నాయినా, ఇంటికి ఒక్క ఫోన్ కొట్టియ్యవా?"

"గది ఇంటికి పోతదారా? పని ఒడగొట్టు, నువ్వే పోదువు."

ఎల్లన్న జైపూర్ దిక్కు అన్నాడు. నిజమో అబద్ధమో అన్నాడు. ఆ రెండూ నేను వదిలేశాను. కాలనీలో ఇద్దరన్నదీ, దుప్పట్ల సంగతీ నాకెవరూ చెప్పలేదు. ఎందుకు కలిపానని తర్వాత చాలాసార్లు నన్ను నేను అడిగాను. పని తొందరగా కావాలని. ఇంకేదైనా కారణం ఉందేమోనని వెతికాను, దొరకలేదు.

పని తొందరగా అయింది. మూడున్నర గంటలు చెయ్యి ఆపకుండా చేశారు. దుంగల మీద సుత్తి దెబ్బలు, ముక్కుల్లోంచి వచ్చే ఊపిరి, అంతే. రుత్విక్ అరచెయ్యి చీలి నెత్తురు కారుతుంటే వాడు చూసుకోనైనా లేదు.

అందరినీ ముందు పంపి ఆఖర్న రావడం సర్దార్ పద్ధతి. నేను పైకొచ్చేసరికి మూడూ పది. వాళ్లు ల్యాంపు రూము వైపు మళ్లలేదు. నెత్తి మీద దీపాలతోనే గేటు బయటికి ఉరికారు.

ఆ దుప్పట్ల మనిషి మా వాణ్ని చూసి లేచి నిలబడ్డాడు. చేతిలో పసుపు దుప్పటి ఉంది.

"పోరలేరిరా?" అన్నాడు రుత్విక్.

"ఏ పోరలు తమ్మీ?"

రుత్విక్ తన నెత్తిమీది టోపీ ఊడదీసి దాంతో ముఖం మీద కొట్టాడు. అది గట్టి బాయి టోపీ, ముందు దీపం. ముక్కు పగిలిన చప్పుడు నాకు వినబడింది. పడ్డవాడి మీదికి ఇంకా ముగ్గురు వచ్చారు. బాయి బూటుకు ముందు ఇనుము ఉంటుంది, బండ పడినా వేళ్లు నలగకుండా. ఆ బూట్లతో పక్కటెముకల మీద తన్నారు. ఒకడు మోపెడ్ ఎత్తి కాళ్ల మీద వేశాడు. ఇంకొకడు దుప్పట్ల మూటను పండ్లతో చింపి లోపల వెతికాడు, పిల్లలు దాంట్లో దొరుకుతారన్నట్టు. ఎండలో వాళ్ల దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆర్పడం ఎవరికీ గుర్తు లేదు.

"తమ్మీ, నువ్వే ఉండుమన్నవ్," అన్నాడు ఆ మనిషి. నోట్లో నెత్తురు నిండి మాట బుడగలుగా వచ్చింది. "నువ్వే ఉండుమన్నవ్ గద."

హోటలాయన ఫోన్ ఎత్తి వీడియో తీస్తున్నాడు. నేను ఒక్క కేక వేస్తే వాళ్లు ఆగేవారు. నా కేకకు ఆగడం వాళ్లకు ఒంట్లో పట్టిన అలవాటు. కేక వెయ్యలేదు. ఆ నిమిషం నాకూ నిజమేనేమో అనిపించింది. నేను అల్లిన మాటను నేనే నమ్మాను.

అతని పేరు ముష్తాక్ అని ఆ సాయంత్రం పోలీసులు చెబితే తెలిసింది. వాళ్లు కొట్టిన నలుగురినీ పట్టుకున్నారు, రుత్విక్‌ను ఇంట్లోంచి జుట్టు పట్టి ఈడ్చారు. వాడి పెండ్లాం హర్షిణి అడ్డం పోతే లాఠీ మోచేతి మీద పడింది. బిడ్డ మంచం కింద దూరి ఏడుస్తూ ఉంది. ఎక్కడికీ పోలేదు, పొద్దటి నుంచి ఇంట్లోనే ఉంది.

ఆరో రోజు దవాఖానాలో ముష్తాక్ పోయాడు.

దాదాపు అన్ని పేపర్లలో ఆ పిల్లల దొంగల వీడియో గురించి ఒకటే రాశారు, ప్రాణం తీసిన వీడియో అని. మా వకీలు రఘుపతికి అది నచ్చింది. పేపర్లు దొంతర పెట్టి చూపించాడు. "ఇగో, మనం జెప్పకముందే లోకం జెప్పింది. వీడియో చూసి, పిల్లల మీది భయంతోని బుద్ధి తప్పిండ్రు. నలుగురు గదే మాట మీదుండాలె. సర్దార్ సాబ్, మీరు నోరు ఇప్పకుండ్రి, చాలు."

నోరు విప్పకపోవడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చిన విద్యే.

ముష్తాక్‌ను మట్టి చేసిన సాయంత్రం కొందరు పోరగాళ్లు కేబుల్ ఆఫీసు మీద పడ్డారు. టీవీలో వేసింది వీళ్లే, చంపింది వీళ్లే అని. అద్దాలు పగలగొట్టి, లోపలున్న తాబిష్ అనే అతని కుడి చేతిని గడప మీద పెట్టి రాడ్డుతో కొట్టారు. అతని పని స్తంభాలెక్కి వైరు లాగడం. ఆ వార్త వేసినరోజు అతనికి డ్యూటీ కూడా లేదు. చెయ్యి మూడు చోట్ల విరిగింది. ఇక స్తంభం ఎక్కలేడని చెప్పారు.

ఆ మర్నాడు సంతోషి వచ్చింది. జిల్లా పేపరుకు రాసే పిల్ల, ముప్పై ఏళ్లుంటాయి. స్కూటీ బయట పెట్టి అరుగు మీద కూచుంది.

"కాకా, కాలనీల పన్నెండు ఫోన్లు చూసిన. ఆ వీడియో అందరికంటె ముందు వచ్చింది తొమ్మిది నలభైకి. మీరు దిగింది ఏడింటికి. కొట్టేటప్పుడు తీసిన వీడియోల మీ వాళ్ల నెత్తిల మీద దీపాలున్నయి. దీపం ఇయ్యనిది ఫోన్ చేతికి రాదు. మా నాయిన గూడ బాయిల చేసినోడే, నాకెర్కే. మరి వీళ్లు దాన్ని ఎప్పుడు చూసిండ్రు?"

"నాకేమెర్క బిడ్డా."

"మా ఆఫీసోళ్లు హెడ్డింగు గూడ పెట్టుకొని కూసున్నరు. నేను పంపలే. వీడియో చూసినంక కొట్టిన అనెటోడు ఒక్కడన్న దొరకాలె గద."

లోపలి నుంచి నా భార్య సారక్క అంది, "నువ్వొక్కదానివి రాయకుంటె ఆగుతదా? లోకమంత రాసింది."

"లోకమంత ఒకల్ది చూసి ఒకలు రాసిండ్రవ్వా."

సారక్క ఆమెకు చాయ్ పొయ్యలేదు.

ఇంకో వారానికి నేను బసంత్‌నగర్‌లో ముష్తాక్ ఇంటికి పోయాను. ఎందుకు పోయానో ఇంట్లో చెప్పలేదు. అతని భార్య షాహీదా మొగుడు పోయాక పాటించే ఇద్దత్‌లో ఉంది, మగవాళ్ల ముందుకు రాదు. తలుపుకు కట్టిన దుప్పటి వెనక నుంచి మాట్లాడింది.

"ఎవరు భాయ్?"

"బాయి నుంచి వచ్చిన."

పేరు చెప్పలేదు. ఆమె అడగలేదు.

"వచ్చినోళ్లందరు ఫోన్ అంటున్నరు, వీడియో అంటున్నరు. నా బిడ్డ సూపిచ్చింది, నేను చూసిన భాయ్. అండ్ల ఆయన లేడు. దుప్పట్లు లెవ్వు. ఎవరో ఆడామె, ఏదో ఊరు. మరి ఆయనే అని ఎవరు జెప్పిండ్రు?"

ఆమె బిడ్డ గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. తాగాను. గ్లాసు కింద పెట్టి వచ్చేశాను.

ఆ సాయంత్రమే సారక్కకు, హర్షిణికి చెప్పాను. ఉన్నదున్నట్టు, పదకొండున్నర నుంచి. హర్షిణి బిడ్డకు నీళ్లు పోసి తల తుడుస్తోంది. చేతిలో ఇత్తడి చెంబు ఉంది.

"నా బిడ్డ పోయిందని జెప్పినవా మామా? ఆయనకు? బాయిల?"

"ఇద్దరు పోయిండ్రన్న. పేర్లు జెప్పలే."

చెంబు నా కనుబొమ మీద పడింది. మళ్లీ ఎత్తి కొట్టింది. మూడోసారి కూడా. మా వైపు కోడలు మామ ఎదురుగా మంచం మీద కూర్చోదు. సారక్క ఆపలేదు. దెబ్బలన్నీ అయ్యాక వచ్చి, పసుపు తెచ్చి, గాయంలోకి వేలు దిగేట్టు అదిమింది.

"ఇంకెవ్వలకన్న జెప్పినవా?"

"లేదు."

"జెప్పకు. వాడన్న బయటపడనీ ముందు."

"జెప్పకుంటే నేను జెప్త," అంది హర్షిణి. చెంబు ఇంకా చేతిలోనే ఉంది.

తెల్లవారి సంతోషి ఉండే గదికి పోయాను. గడపలో నిలబడే చెప్పాను.

"ఫోన్ల నాకు జెప్పింది ఎల్లన్న. బాయిల వాళ్లకు జెప్పింది నేను. దుప్పట్ల మనిషి అని గూడ నేనే అన్న."

ఆమె అంతా రాసుకుంది. టైము రెండుసార్లు అడిగింది. తర్వాత పుస్తకం మూసింది.

"ఇది గూడ ఇప్పుడే పంప కాకా."

"నేనే జెప్తున్న గదనే!"

"కోపం జెయ్యకు. నీ కొడుకసొంటోడు జైల్ల ఉన్నడు. వాన్ని ఇడిపిచ్చుకునేటందుకు మీదేసుకున్నడని రేపు ఒకడంటడు, నా కాడ జవాబుండదు. ఇన్నోళ్లు ఇంకొకలు జెప్పాలె. నీ ఒక్కని మాట మీద ఎట్ల రాస్త?"

ఇరవై ఏళ్లుగా నా ఒక్కడి మాట మీద మనుషులు బండల కిందికి పోయారు. ఈ పిల్ల పోలేదు. నాకు కోపం రాలేదు. ఏదో ఒకటి లోపల సర్దుకున్నట్టయింది.

ఎల్లన్నను అడిగితే తన పిల్లల మీద ఒట్టేశాడు. "దుంగల ముచ్చటే మాట్లాడిన. ఇంకోసారి ఫోన్ ముచ్చట తీస్తే మంచిగుండది గట్టన్నా." చొక్కా పట్టి గోడకు నెట్టాడు. ముప్పై ఏళ్ల స్నేహం మాది. ఆ మాట విన్నవాళ్లలో మిగిలిన నలుగురు నన్ను చూస్తే దారి మార్చుకుంటున్నారు.

జైల్లో రుత్విక్ ఇనుప జాలీ వెనకకు వచ్చాడు. దవడ వాచి ఉంది.

"నేను వీడియో చూసే కొట్టిన చిన్నాయినా. పొద్దుగాల ఇంట్లనే చూసిన."

"పొద్దుగాల అది ఇంకా రానే లేదురా."

"గట్లనే అంట. వకీలు గట్లనే అనుమన్నడు. నువ్వు గూడ లోపలికొస్తే ఇల్లు ఎవలు నడుపుతరు? తెలివి లేదా నీకు?"

"రుత్విక్. నిన్ను చూసి లేచిండురా ఆయన."

వాడు జాలీకేసి నుదురు కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. జవాను వచ్చి మెడ పట్టి లాగేదాకా కొట్టుకున్నాడు. జాలీ ఇనుప గళ్లు వాడి నుదుటి మీద అచ్చుపడ్డాయి.

ఆషాఢంలో బెయిలు వచ్చింది. వానలు దిగాయి. రుత్విక్ ఇంటికొచ్చిన రోజు సారక్క పొద్దున్నే కోడిని పట్టి, కాళ్ల కింద తొక్కి కోసింది. వాడు బిడ్డను ఎత్తుకోబోతే అది హర్షిణి వెనక్కి పోయింది. వాడు మళ్లీ పిలవలేదు.

మధ్యాహ్నం వానలో తడుసుకుంటూ సంతోషి వచ్చింది. నేను పిలవలేదు. హర్షిణి ఫోన్ చేసిందట.

"తమ్మీ, నేను ఒక్కటే అడుగుత," అంది. "ఆ దినం వీడియో నువ్వు ఎప్పుడు చూసినవ్?"

రుత్విక్ నా వైపు చూశాడు. నేను తల తిప్పుకోలేదు. సారక్క వంటింటి గడప మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూడనే లే," అన్నాడు. "జైలుకు పోయినంక పక్క బ్యారక్ పోరడు చెప్తె తెలిసింది అండ్ల ఏమున్నదో. ఇప్పటిదాక చూడలే."

"మరి?"

"పదకొండున్నరకు. బువ్వ తింటున్నం. చిన్నాయిన జెప్పిండు. కాలనీల ఇద్దరు పోయిండ్రు, పొద్దుగాల గేటు కాడ చూసినోడే అన్నడు." నుదుటి మీది మచ్చ తడుముకున్నాడు. "గని ఆయన కొట్టుమనలే. కొట్టింది నేను. మొదటి దెబ్బ నాదే. అట్లనే రాయి."

సంతోషి రాసింది. తర్వాత రాసింది మాకు చదివి వినిపించింది. వీడియో చంపిందని దాంట్లో లేదు. వీడియో పైన తిరిగింది, కేబుల్‌లో వచ్చింది. పైనుంచి ఒకరు కిందికి చెప్పారని సర్దార్ అంటున్నాడు, ఆ చెప్పినాయన కాదంటున్నాడు. సర్దార్ దాన్ని మార్చి చెప్పాడు, ఇది సర్దారూ అంటున్నాడు, విన్నవాడూ అంటున్నాడు. నలుగురు కొట్టారు. అంతే ఉంది. మా పేర్లున్నాయి.

"ఇండ్ల తప్పేమన్న ఉన్నదా?"

"లేదు," అన్నాను.

"ఎల్లుండి పేపర్ల వస్తది కాకా. గంతకుముందే నువ్వు ఠాణాకు పోతే మంచిగుంటది."

"రేపు పొద్దుగాల పోత."

ఆమె వానలోనే వెళ్లిపోయింది. సారక్క ఏడవలేదు. పొయ్యి మీది గిన్నె దించి, చాప పరిచి, నాలుగు కంచాలు పెట్టింది. హర్షిణి చెంబుతో కొట్టిన రోజు నుంచి నేనున్న చోట అన్నం తినలేదు. ఆ మధ్యాహ్నం బిడ్డను ఒళ్లో వేసుకొని వచ్చి చాప మీద కూర్చుంది. సారక్క అందరికీ అన్నం పెట్టి, కోడికూర పోసి, తను కూడా కూర్చుంది. రేకుల మీద వాన పడుతోంది. బిడ్డ ఒక ముక్క తీసి రుత్విక్ కంచంలో వేసింది, వాడు దాన్ని తిన్నాడు. గిన్నెలో కూర ఒడిసింది. కంచాల్లో కోడి బొక్కలు మిగిలాయి. చేతులకు అంటిన మెతుకులు ఎండిపోయాయి, అయినా ముందు ఎవరూ లేవలేదు.